ఊరికే నడిచొద్దాం రండి

ఏమర్రా, అందరూ చేరారా? కొంచెం జరిగి కూర్చోండి, వెనకొచ్చేవాళ్లకి చోటివ్వండి. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్న పోయిన నెల తగువు ఇంకా తేలలేదని నాకూ తెలుసు. ఈ పూటకి దాన్ని పక్కన పెట్టండి. ఇవాళ నడక ముచ్చట.

నడకంటే షుగరొచ్చాక డాక్టరు చెప్పే నడక కాదమ్మా. కాలేజీ గ్రౌండు చుట్టూ లెక్కపెట్టుకుంటూ తిరిగేదీ కాదు. తెల్లారి మొదటి ఆటోనో బస్సో పట్టుకుని సముద్రం ఒడ్డున దిగి, పూటంతా ఇసకలోనూ తోటల్లోనూ తిరిగి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరే నడక. పనేమీ లేని నడక.

ఆ ‘పనేమీ లేని’ దగ్గరే వస్తుంది చిక్కంతా. మన పలాసలో గానీ టెక్కలిలో గానీ ఆడది ఉత్తి చేతుల్తో రోడ్డెక్కితే చాలు, "ఏటే, ఎక్కడికెల్తన్నావ్?" అని అడుగుతారు. గుడికి, బజారుకి, ఆసుపత్రికి, పుట్టింటికి. ఈ నాలుగిట్లో ఒకటి చెప్పాలి. "ఊరికే నడుద్దామని" అన్నారనుకోండి, ఓ క్షణం మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "మీ ఇంటాయన బాగున్నాడా?" అంటారు. మొగుడితో పోట్లాడి వచ్చేసిందని ఊళ్లో చెప్పుకోవడానికి సాయంత్రం దాకా కూడా ఆగరు.

పోనీ మనకి నడక కొత్తా అంటే కాదు. నువ్వలరేవు, మంచినీళ్లపేట రేవుల నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన అమ్మలు మనవాళ్లే. జీడితోటల్లో పిక్కలేరడానికి పోయేవాళ్లు, కొబ్బరి డొక్కలు మోసుకొచ్చేవాళ్లు, నీళ్ల బిందెలకి అర మైలు పోయొచ్చేవాళ్లు, వాళ్లూ ఆడవాళ్లే. నడిచినంత నడుస్తూనే ఉన్నాం. నెత్తిన ఏమీ లేకుండా నడవడమే మనకి రాదు. నేను మిమ్మల్ని పిలుస్తున్నది దానికి.

మా చెల్లి ఉంది చూశారూ, అది పెళ్లయ్యాక విశాఖలో ఉంటోంది. సెలవులొస్తే అరకు, లేకపోతే లంబసింగి. ఫోటోలు పంపి "అప్పా, ఎంత పచ్చగా ఉందో చూడు" అంటుంది. చూస్తాను. బాగానే ఉంటుంది. కానీ మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. భావనపాడు నుంచి ఇచ్ఛాపురం దాకా ఒక పక్క సముద్రం, ఒక పక్క తోటలు, వాటి వెనకాల మహేంద్రగిరి. ఇంగ్లండులో నైరుతి మూల తీరం వెంబడి 630 మైళ్ల కాలిబాట ఉంది, దాన్ని నడవడానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం పోతారు. ఆ బాట పుట్టింది షికారు కోసం కాదు. దొంగ సరుకు దించే పడవల్ని పట్టుకోవడానికి కాపలావాళ్లు ఒడ్డు వెంట తిరిగి తిరిగి వేసిన దారి అది. పని కోసం పడిన బాట మీద ఇప్పుడు పనిలేనివాళ్లు హాయిగా నడుస్తున్నారు. మన చేపల అమ్మలు వేసిన దారులకి మాత్రం బోర్డూ లేదు, పేరూ లేదు.

సరే, మొదట అక్కుపల్లి వెళ్దాం. శివసాగర్ బీచ్ అంటారు కదా, అదే. కాశీబుగ్గ నుంచి ఆటోలో గంట లోపే. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల జనంతో కిటకిటలాడిపోతుంది, ఆ రోజుల్లో వద్దు. మామూలు రోజు, పొద్దున్నే వెళ్లండి. సరుగుడు చెట్ల మధ్య నుంచి పోతుంటే సముద్రం కనపడకముందే వినిపిస్తుంది. సరుగుడు ఆకుల్లో గాలి చప్పుడేది, కెరటం చప్పుడేది తేల్చుకోలేం కాసేపు. ఆ చెట్ల కింద రాలిన పుల్లల్లాంటి ఆకు మెత్తగా పరుపేసినట్టుంటుంది, కానీ కాలు జారుతుంది, చూసుకోండి.

ఒడ్డుకి వెళ్లాక తడి ఇసక మీద నడవండి. పొడి ఇసకలో పది నిమిషాలు నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. అందుకని నీళ్లు వెనక్కి పోయే ఆటు వేళ చూసుకోవాలి. ఆటుపోట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటాయి. ఇవాళ ఏడింటికి ఆటయితే రేపు ఎనిమిదికి కాస్త ముందు. పంచాంగం చూడక్కర్లేదు, ముందురోజు రేవులో ఎవరికైనా ఫోన్ చేసి అడిగితే చెప్పేస్తారు. పున్నమికీ అమావాస్యకీ నీళ్లు మరీ లోపలికి పోయి మరీ పైకొస్తాయి. చలికాలం పొద్దుట ఎండ సముద్రం వైపు నుంచి నేరుగా మొహాన కొడుతుంది. కాబట్టి సముద్రం పొద్దున, తోటలు మధ్యాహ్నం. తిరగేసి పెట్టుకుంటే రెండూ చెడతాయి.

అక్కడ నాకు ఎంతసేపు చూసినా తనివి తీరనివి పీతలు. ఇసక రంగులోనే ఉంటాయి, కళ్లు మాత్రం రెండు కాడల మీద పైకి నిలబడి ఉంటాయి. మన అడుగు చప్పుడుకి పక్కవాటంగా పరుగెత్తి బొరియలో దూరుతాయి. మనం కదలకుండా కూర్చుంటే ఓ రెండు నిమిషాలకి ఒక కన్ను బయటికొస్తుంది, తర్వాత రెండోది. తర్వాత గుప్పెడు ఇసక ఉండ చేసి చంకలో పెట్టుకొచ్చి బయట విసిరి మళ్లీ లోపలికి. ఇల్లు ఊడ్చుకునే పనన్నమాట. అక్కడా ఆ పని తప్పలేదు చూడండి. ఇసకమీద పాకే ఊదా పూల తీగ ఉంటుంది, దాని ఆకు మేక గిట్టలా మధ్యకి చీలి ఉంటుంది. ఆ తీగని తెంపకండి. గాలికి ఇసక ఎగిరిపోకుండా ఆ దిబ్బని పట్టుకుని ఉన్నది అదే.

జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళితే ఒక కష్టమైన దృశ్యం కూడా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను. చచ్చిన తాబేళ్లు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి వచ్చే కాలమది. మనకి ఉత్తరాన ఒడిశాలో రుషికుల్య నది నోటి దగ్గర లక్షల్లో చేరతాయి, మన తీరానికి విడివిడిగా వస్తాయి. రాత్రిపూట ఎక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకి అటూ ఇటూ గుడ్లు పెట్టి, ఇసక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది తల్లి. ఏడెనిమిది వారాలకి పిల్లలు. తాబేలుకి గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు కదా, పెద్ద బోట్ల వలల్లో చిక్కుకుంటే రాలేక చచ్చిపోతుంది. అలా కొట్టుకొచ్చిన దాని పక్కన ఓసారి కూర్చున్నాను. డిప్ప మీద అరచేతులంత పలకలు, బూడిద ఆకుపచ్చ రంగు, ఒక పలక మీద చిన్న చిన్న సముద్రపు గుల్లలు అతుక్కుని ఉన్నాయి. వీపు మీద అంత బరువేసుకుని ఎంత దూరం ఈదుకొచ్చిందో. అటవీశాఖవాళ్లు తీరంలో అక్కడక్కడా గుడ్లు తెచ్చి పొదిగించే చోట్లు పెట్టారు, పిల్లల్ని వదిలే రోజు తెలిస్తే మీ పిల్లల్ని తీసుకెళ్లండి. బారువ దగ్గర కూడా చూశాను.

స్నానానికి మాత్రం దిగకండి. మోకాలి దాకా అన్నవాళ్లే ముందు పోతారు. మన సముద్రం చూడ్డానికి సాధువు, కింద ఇసకని ఒక్కసారి లాగేస్తుంది.

మా చెల్లి ఊరొచ్చి, నాతో నువ్వలరేవు మీదుగా నడిచినరోజు మాకు కబుర్లే కబుర్లు. ఆ ఊరి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ ఊరి పిల్లని ఆ ఊరి పిల్లాడికే ఇస్తారు. రెండు మూడేళ్లకోసారి ముహూర్తం పెట్టి, అన్ని పెళ్లిళ్లూ కలిపి ఒకేసారి చేసేస్తారు. ఊరంతా పందిళ్లే. "అత్తారింటికి పోవాలంటే ఏ వీధి దాటాలి?" అని మా చెల్లి అడిగింది. ఎండు నెత్తళ్లు తిరగేస్తున్న ఒక పెద్దావిడ నవ్వి, "నాకు మా పుట్టింటి పొగ కనపడతాదమ్మా, కూర మాడితే వాసన కూడా వస్తాది" అంది. బాగుంది కదా అనిపించింది నాకు. మా చెల్లి దారంతా దాని మీదే వాదించింది: "అప్పా, మరి అత్తతో తగువొచ్చినా పుట్టింటికి వినపడిపోతాది గదా?" ఈ తగువు మీరు తేల్చండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అటువైపు వెళితే పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, చేపల వేట నిషేధం. వలలు బాగుచేసుకుంటూ మగవాళ్లు తీరిగ్గా ఉంటారు, ఆడవాళ్లకి మాత్రం ఆ తీరిక ఏమీ కనపడదు.

ఎండ ఎక్కే వేళకి తోటల్లోకి రండి. ఈ తోటల సీమనే ఉద్దానం అంటాం. ఉద్దానం తోటంటే ఒక రకం చెట్టు వరస కాదు. పైన కొబ్బరి, దాని కింద పనస, పక్కన జీడి, మామిడి, గట్టు మీద మొగలి. ఆ మొగలి ముళ్లు ఆకుకి రెండు అంచులా ఉంటాయి, చీర కొంగు పట్టుకుంటే వదలవు. అందుకే చెప్తున్నాను, చుడీదారు వేసుకోండి, ఎవరేమన్నా అననీండి. ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకున్నా, తోటలో మాత్రం బూట్లుండాలి. జీడాకు దట్టంగా రాలి ఉంటుంది, కింద ఏముందో తెలీదు.

జనవరిలో జీడి పూత వాసన చూశారా ఎప్పుడైనా? పరిమళమనడానికి లేదు, కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా, ముక్కులో ఉండిపోతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి చెట్టు కింద పండ్లు పులిసిన వాసన. పండు కింద పిక్క వేలాడుతుంటుంది, ఆడవాళ్లు ఇలా పట్టుకుని అలా మెలిపెట్టి పిక్కని గంపలో వేస్తారు, పండుని పారేస్తారు. ఆ మెలిపెట్టడం చూడాలి, కళ్లు వేరే చోట, నోరు వేరే మాటలో, చెయ్యి తన పని తను చేసుకుపోతుంది. గోవాలో ఆ పండుతో సారా కాస్తారు, మన దగ్గర చాలావరకు నేలపాలే. అసలు జీడి మనది కాదు, బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చిన చెట్టు. సరుగుడు కూడా తూర్పు సముద్రాలవతల నుంచి వచ్చిందే. వచ్చినవాళ్లు ఇలా కుదురుకుపోయి, ఇవాళ పలాస అంటే జీడిపప్పు, జీడిపప్పు అంటే పలాస అయిపోయింది.

ఆ పప్పు మీ పాయసంలోకి రావడం వెనక ఎన్ని వేళ్లున్నాయో కాశీబుగ్గలో పుట్టినదాన్ని, నేను చెప్పాలి. 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు కొంటారు. కాల్చడం, కొట్టడం, పై పొర ఒలవడం, గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు చేయడం. పిక్క పెంకులో ఉన్న జిగురు నూనె చర్మాన్ని కాలుస్తుంది. కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూడండి, బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా, గీతల్లేకుండా నున్నగా అయిపోయి ఉంటాయి. ఒకావిడ ఆధార్ యంత్రం మీద వేలు పెడితే పడలేదట, ఇంకో వేలు, ఇంకో వేలు పెట్టి చూశారట. నవ్వుతూనే చెప్పింది.

ఇక ఎలుగుబంట్లు. తప్పించుకోలేని ముచ్చట ఇది. పనసపండు వాసనకీ జీడిపండ్లకీ అవి కొండల నుంచి తోటల్లోకి దిగుతాయి, కొన్ని తోటల్లోనే కాపురం పెట్టేశాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వైపు ఒక ఎలుగు మనిషిని చంపి, ఇంకా కొందరిని గాయపరిచింది. పట్టుకున్నారు గానీ విశాఖ జూకి తీసుకెళ్లేలోగా అదీ చచ్చిపోయింది. పాపం అనాలా, పీడ పోయిందనాలా, ఆ ఊళ్లవాళ్లకే తెలీలేదు. మీరు చేయాల్సిందేమిటంటే మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామునా, మునిమాపు వేళా తోటల్లో అడుగు పెట్టకండి. మధ్యాహ్నం కూడా గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ పోండి. మనకి అదెలాగూ చేతనైన విద్యే. నా ఓటు మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నెలలకే. అక్టోబరు వద్దు, అది తుపాన్ల నెల.

తుపానంటే గుర్తొచ్చింది. మన తోటల్ని చూసి ‘మరో కోనసీమ’ అంటారు పేపర్లవాళ్లు. నాకు ఆ మాట గిట్టదు. ఉద్దానం ఉద్దానమే, ఇంకో సీమ పేరు అరువు తెచ్చుకోవడమెందుకు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి సరిగ్గా వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గరే తీరం దాటింది. గంటకి 165 కిలోమీటర్ల దాకా ఈదురుగాలులన్నారు. తెల్లారి చూస్తే తోటల్లోంచి ఆకాశం కనపడింది. అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. ఇప్పుడు నడుస్తుంటే ఆ తేడా మీకు తెలిసిపోతుంది. ఒకచోట తలెత్తి చూడాల్సినంత ఎత్తు ముసలి కొబ్బరి, వంగి, మళ్లీ పైకి లేచి ఉంటుంది. పక్కనే నడుమెత్తు నుంచి ఇంటెత్తు దాకా తర్వాత వేసిన మొక్కలు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు. జీడి అంటు మూడు నాలుగేళ్లకే కాస్తుంది. పెద్ద పనసచెట్టు మాత్రం మన మనవరాళ్ల కాలానికి గానీ మళ్లీ అలా అవదు. మా చిన్నమ్మ వాళ్ల తోటలో పడిన పనస మొద్దుని అమ్మకుండా అలాగే ఉంచారు, దానిమీద కూర్చునే అన్నాలు తింటాం.

టెక్కలివాళ్లు అలిగినట్టున్నారు, మా వైపేమీ లేదా అని. ఉందర్రా. తేలినీలాపురం. నౌపడ రైల్వేస్టేషన్‌లో దిగితే దగ్గరే. పెలికాన్లు, అదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యే దాకా ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఇళ్ల పెరళ్లలో, వీధి మీద. ఊరివాళ్లకి అవి పురుడుకి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. రెట్టలకి ఆకులు తెల్లబడిపోయి, వాసన కొడుతున్నా ఒక్క రాయి విసరరు. తల్లి గూట్లోకి దిగగానే పిల్ల నోరు తెరవడం కాదు, ఏకంగా తలకాయంతా తల్లి గొంతు సంచిలో దూర్చేస్తుంది. మొదటిసారి చూస్తే మింగేస్తోందనుకుంటాం.

అందరూ అవి సైబీరియా నుంచి వస్తాయంటారు, నేనూ చిన్నప్పట్నుంచి వింటున్నాను. కానీ ఆ మచ్చల ముక్కు గూడబాతు, ఆ ఎర్రకాళ్ల కొంగ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. ఇక్కడే పుట్టి, ఇక్కడే పిల్లల్ని పెట్టేవి. నిజంగా సైబీరియా నుంచి చలికి వచ్చే పక్షులు ఇక్కడ తిని బలిసి పోతాయే గానీ గూడు కట్టవు, వాటి పురుళ్లు అక్కడే. దూరంనుంచి వచ్చిందంటేనే గొప్పన్న లోకం కదా మనది. అవి తినే చేపలు చుట్టుపక్కల చిత్తడి తంపరల్లోవి, నౌపడ ఉప్పుమళ్ల పక్క నీళ్లలోవి. ఆ నీళ్లు చెడితే పక్షులూ చెడ్డట్టే. 2021 చివర, 2022 మొదట్లో చేపల్లోంచి వచ్చిన పురుగుల వల్ల చాలా పెలికాన్లు గూళ్లలోంచి రాలిపోయాయి. ఆ ఊరి ఆడవాళ్లు అన్నం మానేసి కూర్చున్నారని అప్పట్లో నాతో చెప్పినావిడ ఉంది.

నౌపడ వెళ్లినప్పుడు ఉప్పుమళ్ల గట్ల మీద కూడా నడవండి. నీళ్లు ఆరుతున్న మడి ఒకటి గులాబీ రంగులో, పక్కది పాల రంగులో ఉంటుంది. నీడ అసలు లేదు, గొడుగు తప్పదు. కాస్త కిందికి మూలపేటలో పోర్టు కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆ వైపు ఒడ్డు చూడాలనుకున్నవాళ్లు ఆలస్యం చేయకండి.

బారువ గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన చోటే. పాత ఓడరేవు, లైట్‌హౌస్, కోటిలింగేశ్వరుడు, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. నది నోటి దగ్గర ఇసక ప్రతి ఏడూ స్థలం మారుతుంది, పోయినేడు నడిచిన చోట ఈ ఏడు నడుములోతు నీళ్లుండచ్చు. అడిగి పోండి. సోంపేట బీల, ఆ చిత్తడి నేల, కూడా అక్కడికి దగ్గరే. బీలలో వర్షాల తర్వాత కలువలు, కొంగలు, మోకాలి లోతు నీళ్లలో మేసే గేదెలు. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎదురు తిరిగినప్పుడు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గరా అదే జరిగింది. రెండు చోట్లా ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. ఇవాళ మనం బీల గట్టు మీద కలువల్ని చూస్తూ నడుస్తున్నామంటే ఆ రోజు వాళ్లు నిలబడ్డారు కాబట్టే. ఇది ముచ్చట్లలో చెప్పేదేనా అంటారేమో, ఇంకెక్కడ చెప్పుకుంటాం?

"అడవి చూపించవా అక్కా" అని ఒకమ్మాయి రాసింది. కేరళ సైలెంట్ వ్యాలీ లాంటి వాన అడవి మనకి లేదమ్మా. ఉన్నది మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఎత్తు, ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నా మందసలో ప్రతి వీధి చివరా కనపడుతుంది. సముద్రం మీంచి వచ్చే మబ్బు దానికి తగిలి ఆగుతుంది, అందుకే పై లోయల్లో ఎండాకాలం కూడా పచ్చదనం చావదు. నాచు పట్టిన రాళ్లు, తాళ్లలా వేలాడే తీగలు, మన తోటల్లో ఉక్కపోస్తున్న వేళ అక్కడ శాలువా కావాలి. పైన కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి. భీముడి గుడి పెద్ద పెద్ద రాళ్లు పేర్చినట్టే ఉంటుంది. శివరాత్రికి జనం రాత్రంతా ఎక్కుతారు. మిగతా రోజుల్లో తెలిసినవాళ్లు తోడు లేకుండా ఆడవాళ్లం మాత్రమే వెళ్లడం మంచిది కాదు. ఏనుగులు తిరిగే దారులు కూడా ఉన్నాయి. కాబట్టి కొండని మందస నుంచే చూడండి, ఒక పూటకి అది చాలు. వాసుదేవ పెరుమాళ్ కోవెల, ఊరి బయట చెరువు గట్లు, చివర మందస కోవా.

మందస పోయినప్పుడు గుడారి రాజమణిపురం కూడా వెళ్లి రండి. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం జమీందారుతో రైతులు తలపడినప్పుడు, నాయకుల్ని పట్టుకెళ్లడానికి వచ్చిన పోలీసులకి అడ్డంగా ఆడవాళ్లని కూడగట్టి నిలబడింది సాసుమాన గున్నమ్మ. 1940 ఏప్రిల్ 1న కాల్పుల్లో చనిపోయింది. అప్పటికి గర్భిణి. వీర గున్నమ్మ అని ఇప్పుడు అంటాం. అడవిలోకి ఆడది నడిచి వెళ్లడం మన వైపు ఉత్త షికారు కాని రోజులవి.

ఇంక మనలో మన మాట. అందరూ అడగాలనుకుని అడగని సంగతి: బాత్రూం. తీరం వెంట ఎక్కడా ఉండవు. బస్టాండులో బయల్దేరేముందే చూసుకోవాలి. దారిలో అవసరమైతే ఏ పల్లెలోనైనా ఆడవాళ్లున్న ఇంటి ముందు నిలబడి అడిగేయండి. నన్ను ఇంతవరకు కాదన్నవాళ్లు లేరు, పైగా మంచినీళ్లో, కొబ్బరి బొండామో ఇచ్చి పంపారు. బాత్రూం భయానికి నీళ్లు తాగడం మానేస్తారు చూడండి, అది మాత్రం చేయకండి. ఉద్దానంలో పుట్టినవాళ్లకి నేను చెప్పాలా? కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, ఎందుకొస్తోందో ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. ఎండలో దాహాన్ని అణుచుకుని పని చేసిన తరం మన అమ్మలది. మీరు మాత్రం ఇంటి నుంచి రెండు సీసాలు పట్టుకోండి, దాహమేసేదాకా ఆగకుండా తాగండి. పొద్దున చోడి అంబలి తాగి బయల్దేరితే పదకొండింటి దాకా ఇంకేమీ అడగదు కడుపు.

ఇంట్లో ఏం చెప్పాలన్నది మీ మీ సామర్థ్యం. మా అత్తగారికి మొదట తేలినీలాపురం పక్షులు అని చెప్పాను, "పక్షుల్ని చూడ్డానికి పోవాలా, మన పెరట్లో లేవా?" అంది. రెండోసారి రావివలస ఎండల మల్లన్న దగ్గరకి అన్నాను, అడ్డు చెప్పకుండా కొబ్బరికాయకి డబ్బులిచ్చింది. నిజంగానే వెళ్లాను, గుడికప్పు లేకుండా ఎండలోనే ఉండే దేవుడు ఆయన, దణ్ణం పెట్టుకుని టెక్కలి వైపు పొలాల గట్లమీద నడిచొచ్చాను. మూడోసారి ఆవిడే "నన్నూ తీసుకెల్తావా?" అంది. మోకాళ్ల నొప్పులు, అయినా తడి ఇసక మీద కర్ర పట్టుకుని బాగానే నడిచింది. మాట్లాడకుండా నడిచింది, అది ఇంకా వింత. దారిలో ఎవరో "ఏటమ్మా, ఎక్కడికి?" అంటే, నేను నోరు తెరిచేలోపే "ఎక్కడికీ లేదు, నడస్తన్నాం" అంది.

ఈ కార్తీకం అయ్యాక ఒక మామూలు మంగళవారం చూసుకుని అక్కుపల్లి పెట్టుకుందాం. కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఆరింటికి. ఆటోలు పంచుకుందాం. నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, పులిహోర నేను తెస్తాను, పనసపొట్టు కూర ఎవరైనా తెస్తే కాదనను. పిల్లల్ని తెచ్చేవాళ్లు ముందే చెప్పండి, సముద్రం దగ్గర చేయి పట్టుకోవడానికి మనుషుల్ని లెక్కేసుకోవాలి.